రాయని ఒప్పందం ఎక్కడ తెగుతుంది? గుంట గట్టు నుంచి ప్లాంటు గేటు దాకా

నెల్లూరు తీరంలో రొయ్యల గుంట మీద మనిషిని పెట్టుకునేటప్పుడు మాట్లాడుకునేవి కొన్నే. నెలకు జీతం ఎంత, అడ్వాన్సు ఎంత, బియ్యం గ్యాసు ఎవరివి, పట్టుబడి దాకా, అంటే పెరిగిన రొయ్యను వలేసి పట్టే రోజు దాకా, ఉంటావా ఉండవా. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే ఎన్ని నిమిషాల్లో జనరేటరు వెయ్యాలన్నది ఎవరూ మాట్లాడుకోరు. పంట నిలబడేదేమో దాని మీదే. రాత్రంతా నాచు, రొయ్య, అడుగున పేరుకున్న మడ్డి అన్నీ నీళ్లలోని ఆక్సిజన్‌ని వాడేస్తుంటాయి. అందుకే పొద్దు పొడవక ముందు అది బాగా పడిపోతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందకు దిగితే రొయ్య ఒత్తిడికి లోనై పైకి తేలడం మొదలుపెడుతుంది. ఒత్తుగా రొయ్య పిల్ల వేసిన గుంటలో, సరుకు పెరిగాక, ఆ వేళ నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు గంటసేపు ఆగితే మూడు నెలల కష్టం గట్టున పడొచ్చు.

షెడ్డులో పడుకున్న మనిషి ఏరేటరు చప్పుడు ఆగగానే ఉలిక్కిపడి లేవడం జీతంలో లేదు. ఎవరూ చూడని వేళ, ఎవరూ లెక్కపెట్టని పని అది. దానికి బదులుగా అతను కొన్ని ఆశిస్తాడు. పంట బాగుంటే తనకూ నాలుగు రూపాయలు వస్తాయని, ఇంట్లో జబ్బు చేస్తే అడ్వాన్సుకు లేదనరని, వైరస్ వచ్చి గుంట పోతే ఆ తప్పు తన నెత్తిన వెయ్యరని. యజమాని కూడా కొన్ని ఆశిస్తాడు. మధ్యలో వదిలిపోడని, మేత బస్తాలు పక్కకు పోవని, రొయ్య ఎంత తిన్నదో చూసుకోవడానికి నీళ్లలో దించే చెక్ ట్రేలో మేత మిగిలితే మిగిలిందనే చెబుతాడని. ఈ రెండు జాబితాలూ ఏ కాగితం మీదా ఉండవు. పని మాత్రం వీటి మీదే నడుస్తుంది.

ఇలాంటి ఒప్పందాన్ని పరిశోధకులు మానసిక ఒప్పందం అంటారు. 1960లో అమెరికా పరిశోధకుడు క్రిస్ ఆర్గిరిస్ ఫ్యాక్టరీల్లో ఫోర్‌మన్లకూ కార్మికులకూ మధ్య నడిచే సర్దుబాటును గమనించి ఈ తరహా పేరు పెట్టారు. ఫోర్‌మన్ అనవసరంగా తలదూర్చకుండా, కూలి సరిగా ఉండేట్టు చూస్తే, కార్మికులు పని తగ్గకుండా చూసుకునేవారు. 1989లో డెనీస్ రూసో అనే పరిశోధకురాలు దీన్ని ఒక ముఖ్యమైన మలుపు తిప్పారు. ఈ ఒప్పందం ఇద్దరి మధ్య కాదు, ఒక్కొక్కరి మనసులో విడివిడిగా ఉంటుందన్నారు. పనివాడి మనసులో ఒకటి, యజమాని మనసులో ఒకటి. రెండూ ఒకటేనని ఇద్దరూ నమ్ముతారు. తగాదా వచ్చిన రోజు గానీ రెండూ వేరని బయటపడదు.

అది ఎలా వేరవుతుందో ఒక మాట పట్టుకుని చూద్దాం. "పంట బాగా వస్తే చూసుకుందాంలే." ముత్తుకూరు నుంచి కొత్తపట్నం దాకా ఏ గట్టు మీదైనా వినిపించే మాటే.

రెండున్నర ఎకరాల గుంట. నాలుగు టన్నుల వెనామీ రకం రొయ్య దిగింది, 50 కౌంటు (కిలోకు 50 రొయ్యలు), కిలో 300 రూపాయలు అనుకుందాం. ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. పనివాడు ఆ రాత్రి వల పట్టాడు, క్రేట్లు మోశాడు, కాటా దగ్గర నిలబడ్డాడు. తూకం అతనికి తెలుసు, కౌంటు తెలుసు, ధర బేరమాడుతుంటే విన్నాడు. 12 లక్షలు. అతని లెక్కలో పంట బాగా వచ్చింది, అందులో అబద్ధమేమీ లేదు.

యజమాని లెక్క ఇంకో పుస్తకంలో ఉంటుంది. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పట్టిందనుకుంటే 5,600 కిలోలు. కిలో 95 చొప్పున 5 లక్షల 32 వేలు. పిల్ల 2 లక్షల 80 వేలు, ఒక్కోటి 40 పైసలు, అంటే లక్షా 12 వేలు. కరెంటు, డీజిల్, మినరల్స్, ప్రోబయోటిక్స్, కౌలు, జీతాలు కలిపి నాలుగు లక్షలు. మిగిలింది లక్షా 56 వేలు. పక్క గుంటలో 45వ రోజుకు తెల్లమచ్చ వైరస్ వచ్చి ఉంటే, అక్కడి పిల్ల ఖర్చు, అప్పటిదాకా వేసిన మేత, మందుల బాకీ అన్నీ ఈ గుంట మీదే పడతాయి. మేత డీలరు పట్టుబడి రోజే వచ్చి కూర్చుంటాడు. యజమాని లెక్కలో "బాగా రావడం" అంటే డీలరు లేచి వెళ్లాక చేతిలో ఏమైనా ఉండటం.

ఇక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు. అయినా మాట తప్పినట్టే అయింది. సాండ్రా రాబిన్సన్, ఎలిజబెత్ మారిసన్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ఈ తేడానే విడదీసి చెప్పారు. మాట తెగడానికి మూలాలు రెండు. ఒకటి, ఇస్తానన్నది తెలిసీ ఇవ్వకపోవడం. అందులో మళ్లీ ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వకూడదనుకోవడం వేరు. రెండోది, ఇస్తానన్నది ఏమిటన్న దగ్గరే ఇద్దరి అర్థాలూ కలవకపోవడం. వాళ్లు చెప్పిన ఇంకో తేడా పనిచేసే చోట మరీ అవసరం. మాట తప్పిందని గమనించడం ఒకటి, దాంతో మనసు విరగడం ఇంకొకటి. మొదటిది లెక్క. రెండోది కోపం, అవమానం, నమ్మకద్రోహం జరిగిందన్న బాధ. మొదటిది జరిగిన ప్రతిసారీ రెండోది జరగదు. మధ్యలో మనిషి ఒక ప్రశ్న వేసుకుంటాడు: "ఎందుకిట్ట చేశాడు?" ఆ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే తానే ఒకటి అల్లుకుంటాడు. అల్లుకున్న జవాబు ఎప్పుడూ అసలు దానికన్నా చెడ్డగా ఉంటుంది.

అందుకే డబ్బు లేకపోవడం కన్నా డబ్బు లేదని చెప్పకపోవడం ఎక్కువ నష్టం చేస్తుంది. పట్టుబడి అయిన మూడో రోజు యజమాని ఫోను ఎత్తకపోతే, ఆ వారమే ఇంటి ముందు కొత్త కారు కనపడితే, కారు ఫైనాన్సు మీద వచ్చిందా, ఆరు నెలల కిందట బుక్ చేసిందా అని ఎవరూ ఆరా తీయరు. జవాబు దొరికేసినట్టే.

ఇప్పుడు ఇంకో చిక్కు. మాట ఇచ్చింది ఎవరు?

చిన్న గుంటల్లో యజమానే గట్టు మీదకు వస్తాడు. కాస్త పెద్ద సంస్థల్లో, రొయ్యను ఒలిచి ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంట్లలో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో మనిషిని తెచ్చేది మేస్త్రీనో కాంట్రాక్టరో. ఒడిశా నుంచి వచ్చే కూలీల దగ్గర ఇది మరీ ఎక్కువ. ఊళ్లో బయలుదేరేటప్పుడు మేస్త్రీ చెప్పే మాటలు అతని చేతిలో లేనివి. రూము బాగుంటుంది, ఆదివారం సెలవు, మూడు నెలలకు జీతం పెంచుతారు, పండక్కి రానుపోను టిక్కెట్టు వాళ్లదే. ఇవన్నీ కంపెనీ మాటలుగానే కూలీ చెవిలో పడతాయి. కంపెనీ ఆఫీసులో మాత్రం వీటి గురించి ఎవరికీ తెలియదు. మూడు నెలలు నిండిన రోజు కూలీ ఆఫీసుకొచ్చి అడిగితే హెచ్‌ఆర్ మనిషి నిజాయితీగానే ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం కూలీకి నాటకంలా కనపడుతుంది.

ఒప్పందం ఇచ్చే నోరు ఒకటి, తీర్చే చెయ్యి ఇంకొకటి అయినచోట తెగడం దాదాపు ఖాయం. బయటి ఆర్డర్లకు సమయానికి సరుకు ఎక్కించాల్సిన సూపర్వైజరు కూడా ఇదే పని చేస్తాడు. "ఈ రెండు రోజులు ఉండండమ్మా, ఆదివారం సర్దుతా" అంటాడు. ఆదివారం ఇంకో లోడు వస్తుంది. అతను అబద్ధాలకోరు కాదు. ఆ రాత్రి గట్టెక్కడానికి అతని దగ్గరున్నది మాట ఒక్కటే, అది ఇచ్చేశాడు.

ప్లాంట్లలో పని చేసే ఆడవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. తల తీయడం, ఒలవడం చాలా చోట్ల కిలోకింత అన్న కూలి మీదే. సరుకు ఉన్న రోజు రాత్రి ఎంతైనా ఉంటారు, లేని రోజు కూలి ఉండదు. అయినా ఏళ్ల తరబడి వచ్చేవాళ్లలో ఒక నమ్మకం పేరుకుంటుంది. సీజనులో కంపెనీ కోసం మేము నిలబడ్డాం, సరుకు తగ్గినప్పుడు కంపెనీ మా కోసం నిలబడుతుంది అని. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇలాంటి నమ్మకానికే పరీక్ష వచ్చింది. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికానే. దాని దెబ్బ ఎవరి మీద ఎంత పడిందన్నది ఒక్కో ప్లాంటుకు ఒక్కోలా ఉంటుంది. కానీ అలాంటి రోజుల్లో తీసుకునే నిర్ణయాల తీరు గమనించదగ్గది. పనిరోజులు అందరికీ తలా కొన్ని తగ్గిస్తే సణుగుడు వస్తుంది. పాతవాళ్లను ఆపి, తక్కువ రేటుకు కొత్తవాళ్లను వ్యానులో ఎక్కిస్తే మనసు విరుగుతుంది. మిగిలే డబ్బు రెండిట్లో ఒకటే కావచ్చు. ఆ తర్వాత సీజను తిరిగొచ్చి రాత్రి పదింటికి వ్యాను పంపితే ఎంతమంది ఎక్కుతారన్నది మాత్రం ఒకటి కాదు.

మూడుసార్లు ఇచ్చింది హక్కయిపోతుందని యజమానులు వాపోతుంటారు. సంక్రాంతికి బట్టలు, దసరా మామూలు, రొట్టెల పండగప్పుడు మధ్యాహ్నం నుంచి సెలవు. ఇవి ప్రేమతో ఇచ్చినవని యజమాని అనుకుంటాడు. ప్రతి ఏడూ వచ్చేది కాబట్టి పనివాడు దాని మీద ఇంటి ఖర్చు వేసుకుంటాడు. పిల్లల బట్టలు ఆ డబ్బుతోనే కొంటానని భార్యతో చెప్పేసి ఉంటాడు. ఆ ఏడాది అది రాకపోతే పోయింది రెండు వేలే కావచ్చు, ఇంట్లో మాట పోయింది. ఈ వాదనలో పనివాడి వైపే ఎక్కువ న్యాయం ఉంది. చట్టమూ చాలావరకు ఇదే చూపు చూస్తుంది.

పండగ బోనస్ ఆనవాయితీగా మారిందా లేదా అని తేల్చేటప్పుడు మన కోర్టులు కొన్ని గుర్తులు వెతికాయి. ఏళ్ల తరబడి ఆగకుండా ఇచ్చారా, నష్టం వచ్చిన ఏడాదీ ఇచ్చారా, ఒకే లెక్కన ఇచ్చారా. అవునంటే అది దయ కాదు, ఒప్పందంలో భాగమే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఆనవాయితీగా వస్తున్న సౌకర్యాన్ని ఎత్తేయాలంటే కార్మికులకు ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దీన్ని అలాగే ఉంచింది. ప్లాంటు యాజమాన్యాలు చాలాసార్లు ఎగరేసే మెట్టు ఇదే. ఎప్పటినుంచో తిరుగుతున్న వ్యానును ఒక సోమవారం ఉదయం ఆపేస్తారు. వ్యాను ఖర్చు మిగులుతుంది, నోటీసు ఇవ్వని తగాదా మొదలవుతుంది. అయితే ఈ రక్షణ కార్మికులు అన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. మేనేజర్లకు, ఒక స్థాయి జీతం దాటిన సూపర్వైజర్లకు వర్తించదు.

చట్టబద్ధమైనదాన్ని ఆశతో కలిపేసుకోవడం పనివాళ్ల వైపు తరచూ జరిగే పొరపాటు. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట, జీతం పరిమితికి లోబడి, ఏడాదిలో 30 రోజులు పనిచేసినవాళ్లకు జీతంలో 8.33 శాతం కనీస బోనస్ హక్కు. అది యజమాని మనసు మీద ఆధారపడదు. అయిదేళ్లు నిండినవాళ్లకు పని మానేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఏడాదికే అది వస్తుంది. "మా సారు మంచోడు, వెళ్లేటప్పుడు ఏదో ఇస్తాడు" అని ఎదురుచూసేవాళ్లలో కొందరికి అంతకన్నా ఎక్కువే చట్టం ప్రకారం రావాలి. దాన్ని దయగా అనుకుని అడగరు.

మాట తెగాక ఏమవుతుంది? అందరూ మానేసి వెళ్లిపోరు. మొదట అడుగుతారు, ఒకసారి, మహా అయితే రెండుసార్లు. జవాబు లేకపోతే అడగడం మానేస్తారు. చాలామంది యజమానులు ఈ నిశ్శబ్దాన్ని చూసి సర్దుకుందని అనుకుంటారు. అసలు నష్టం అప్పుడే మొదలవుతుంది. జీతంలో లేని పనులన్నీ ఒక్కొక్కటీ ఆగిపోతాయి. రోజుకు నాలుగుసార్లు చూసే చెక్ ట్రే రెండుసార్లే చూస్తారు. మేత మిగిలినా పుస్తకంలో "ఖాళీ" అని రాస్తారు. మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, కిలో రొయ్యకు పట్టే మేత లెక్క 1.4 నుంచి 1.7కు పోతుంది. నాలుగు టన్నుల పంటలో ఆ తేడా 1,200 కిలోల మేత, పై ధరకు లక్షా 14 వేలు. ఎగ్గొట్టిన బోనస్ పదిహేను వేలు అయి ఉంటుంది. వాడు దొంగతనం చెయ్యలేదు, పని మానలేదు, ఎదురు చెప్పలేదు. పట్టుకుని నిలదీయడానికి ఏమీ ఉండదు.

యజమానుల ఫిర్యాదులూ గట్టివే. ఎనభయ్యో రోజున, సరుకు చేతికొచ్చే వేళ, పక్క మండలంలో రెండు వేలు ఎక్కువిస్తారని రాత్రికి రాత్రి వెళ్లిపోతే గుంట ఎవరు చూస్తారు? నేర్పించి తయారు చేసిన టెక్నీషియన్ అదే చెరువుల రికార్డు జేబులో పెట్టుకుని పోటీ కంపెనీకి పోతే? ఇవి కూడా మాట తప్పడమే. కానీ దీనికి విరుగుడుగా అడ్వాన్సును వాడటం ప్రమాదకరం. "బాకీ తీరేదాకా కదలడానికి లేదు" అని మనిషిని ఆపితే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుంది. ఆధార్ కార్డు లాక్కుని పెట్టుకోవడమూ తప్పే. అడ్వాన్సు అప్పు అవుతుంది గానీ మనిషి మీద తాకట్టు కాదు. ఉండమని కట్టేయడం కుదరదు, ఉంటే లాభం ఉండేట్టు చెయ్యడం ఒక్కటే కుదురుతుంది.

అది ఎలా? పంట బోనస్ సంగతి పట్టుబడి రోజు కాదు, పిల్ల వదిలే రోజు మాట్లాడాలి. అప్పుడు ఇద్దరిదీ ఆశే, కోపం లేదు. "బాగా వస్తే" అన్న మాట తీసేసి, పనివాడు తన కళ్లతో చూడగలిగే కొలత పెట్టాలి. లాభం మీద పెడితే యజమాని పుస్తకం చూపించాలి, చూపించడు. టన్నుల మీద పెట్టొచ్చు, కాటా దగ్గర ఇద్దరూ ఉంటారు. ఉదాహరణకు, మూడు టన్నులు దాటాక ప్రతి టన్నుకూ ఇంత, మేత లెక్క 1.4 లోపు ఉంటే పైన ఇంత. తెల్లమచ్చ వచ్చి ముందే పట్టెయ్యాల్సి వస్తే ఎంత అన్నది కూడా అప్పుడే అనుకోవాలి. చాలా ఒప్పందాలు పాడయ్యేది ఈ ఒక్క సందర్భం మాట్లాడుకోక. రోగం అతని తప్పు కాదు, కాబట్టి పనిచేసిన రోజులకు కనీసం ఒక స్థిరమైన మొత్తం ఉండాలన్నది మా అభిప్రాయం. మధ్యలో వెళ్లేవాడికి ఏమొస్తుందన్నదీ అంతే స్పష్టంగా ఉండాలి. అరవై రోజులు ఉన్నవాడికి అసలేమీ రాదంటే, వెళ్లాలనుకున్నవాడు చెప్పకుండానే వెళతాడు. పదిహేను రోజులు ముందు చెప్పి, కొత్త మనిషికి పని అప్పజెప్పి వెళితే రోజుల లెక్కన వాటా ఇస్తామంటే చెప్పి వెళతాడు.

మేస్త్రీ ద్వారా వచ్చినవాళ్ల విషయంలో, పనిలో దిగిన మొదటి వారంలోనే మేస్త్రీని పక్కన పెట్టుకుని వాళ్ల భాషలో ఒక్క ప్రశ్న అడగాలి: "బయలుదేరేటప్పుడు నీకు ఏమేం ఇస్తామని చెప్పారు?" వచ్చిన జవాబుల్లో కుదరనిది ఏదైనా ఉంటే ఆ రోజే కుదరదని చెప్పాలి. ఆ రోజు కొందరు తిరిగి వెళ్లొచ్చు. మూడు నెలల తర్వాత అందరూ ఒకేసారి వెళ్లడం కన్నా అది నయం. కొత్త కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఎలాగూ ఇవ్వాలి. పదవి పేరు, జీతంతో ఆపకుండా వ్యాను, తిండి, పండగ డబ్బు, జీతం పెంచే గడువు కూడా అందులో రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది.

ఇస్తానన్నది నిజంగానే ఇవ్వలేని పరిస్థితి వస్తే గడువు రోజుకు ముందే చెప్పాలి, యజమానే చెప్పాలి, సూపర్వైజరుతో కబురు పంపకూడదు. ఎందుకో అంకెలతో చెప్పాలి. మేత డీలరు బిల్లు చూపించినా చాలు. ఎప్పుడు, ఎంత ఇస్తామో తేదీతో చెప్పాలి. తేదీ లేని హామీ మళ్లీ "చూసుకుందాంలే" అవుతుంది. సగం ఇవ్వగలిగితే ఆ సగం ఆ రోజే ఇవ్వాలి.

పనివాళ్ల వైపు నుంచి, నోటితో ఇచ్చిన హామీని ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టడం మంచి అలవాటు. "అన్నా, మూడు టన్నులు దాటితే టన్నుకు ఇంత అని ఇయ్యాల అనుకున్నాం కదా" అని మర్యాదగా ఒక్క ముక్క. కాదంటే అప్పుడే తెలుస్తుంది. అవునని పైకెత్తిన బొటనవేలి బొమ్మ వచ్చినా రేపు పనికొస్తుంది. కిలో లెక్కన పనిచేసేవాళ్లు రోజు తూకం చీటీని పారేయకుండా ఫోటో తీసి ఉంచుకోవాలి. సంస్థలో పనిచేసి మానేసినా, తీసేసినా, రావాల్సిన జీతం మొత్తం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఇవ్వకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న కార్మిక శాఖ కార్యాలయానికి ఈ చీటీలు, మెసేజీలు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఫిర్యాదు నకలు మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. బోనస్, గ్రాట్యుటీ, జీతం బాకీ వేటికవి విడిగా రాయాలి. "సారు మోసం చేశాడు" అని ఒక్క వాక్యం రాస్తే అందులోంచి ఏ బాకీ ఎంతో తీసుకోవడం అధికారికి కష్టం. ఏ నెల, ఎన్ని రోజులు, ఎన్ని కిలోలు, ఎంత వచ్చింది, ఎంత రావాలి అని పట్టీలా రాసిస్తే యాజమాన్యాన్ని పిలిచి అడగడానికి ఆయన చేతిలో ఒక అంకె ఉంటుంది.